చేపల్లేని కొలనుకి మేత

'ఆగండి' అనే మాటని ఆయన వాడినంతగా ఈ భూమ్మీద ఇంకెవరూ వాడి ఉండరు. పొద్దున్నే నిద్ర లేపితే లేపినవాళ్లతో ఆయన అనే మొదటి మాట అదే. వీధి వీధంతా ఆయన్ని ఆగండిగారనే పిలుస్తుంది. అసలు పేరు రాయించిన చెక్కపలక ఒకటి ఉంది గాని, దానికి వేసిన వార్నిషు పూర్తిగా ఆరలేదని ఏడేళ్లుగా ఇంట్లోనే పెట్టుకున్నారు.

ఆయన వృత్తి గడియారాలు బాగుచేయడం. బాగైన గడియారం ఏడు రోజులు తన కళ్లముందు తిరిగితే గాని చేతికిచ్చేవారు కాదు. "అయిపోయిందా అండీ?" అని ఎవరైనా వస్తే, "అయిపోయింది, ఆగండి" అనేవారు. కొత్త చెప్పులు కొంటే పది రోజులు ఇంట్లో తొడుక్కుని కూర్చుని, అవి కాళ్లకి అలవాటు పడ్డాకే గడప దాటేవారు. కాఫీ చల్లారేదాకా ఆగి, చల్లారిపోయిందని మళ్లీ వేడి చేయించుకునేవారు.

ఇల్లాలు సరిగ్గా దీనికి తిరగేసిన మనిషి. బస్సు ఆగకముందే దిగేస్తుంది. ఉత్తరం సగం చదివి జవాబు రాసేస్తుంది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఆగమనని రోజు లేదు, ఆవిడ ఆగిన రోజూ లేదు.

దుకాణం మూసేసి ఇంటిపట్టున కూర్చున్నాక ఆయనకి పెరట్లో చిన్న కొలను కట్టించాలని బుద్ధి పుట్టింది. రెండు మంచాలు పట్టేంత కొలను. మేస్త్రీ చేతులు కడుక్కుని వెళ్లాడో లేదో, ఆవిడ పంపు విప్పి నీళ్లు నింపేసి, రంగుచేపల కొట్టాయనకి ఫోన్ చేసి ఎనిమిది బంగారు చేపలు చెప్పేసింది.

"ఆగు! కొత్త సిమెంటు. నీళ్లలోకి సున్నం ఊరుతుంది. ఇప్పుడు వేస్తే చేపలు తేలిపోతాయి" అన్నారాయన.

వారం ఆగి ఆ నీళ్లు తోడించేశారు. మళ్లీ నింపి, మళ్లీ వారం ఆగి, మళ్లీ తోడించారు. మూడోసారి నింపాక, కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఎగిరిపోవాలన్నారు. అది ఎగిరిపోయాక, అసలు పని ఇప్పుడే మొదలైందన్నారు.

"చేపల మురికిని తినేసే సూక్ష్మజీవులుంటాయి. అవి ముందు ఈ నీళ్లలో పుట్టి పెరగాలి. లేకపోతే చేపలు వాటి మురికితో అవే చస్తాయి."

"అవెలా పుడతాయి?"

"రోజూ మేత వేస్తే."

"ఎవరికండీ మేత? చేపలేవి?"

"నీళ్లకే."

ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆ మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే గట్టు మీద కూర్చుని ఖాళీ నీళ్లలో చిటికెడు మేత చల్లడం, పక్కింటి దర్జీ మెడలో టేపుతో గోడ మీంచి తొంగిచూడడం మొదలైంది.

"ఏవండీ, చేపలు కనబడవేం?"

"ఇంకా రాలేదండీ."

"మరి మేత?"

"అవి వచ్చేసరికి నీళ్లు సిద్ధంగా ఉండాలి కదా!"

దర్జీ లోపలికెళ్లి భార్యతో ఏదో చెప్పాడు. ఆమె వచ్చి తనూ ఓసారి తొంగిచూసి వెళ్లింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన అక్కగారు వచ్చారు. ఇల్లాలికి వదినగారన్నమాట. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయి ఏడాది కాలేదు. పట్టుదల మనిషి, ఎవరింట్లోనూ పది రోజులు దాటి ఉండరు, చేతికి పని లేకుండా ఎవరింట్లోనూ తినరు. తొమ్మిదో రోజున పెట్టె సర్దుకుంటుంటే తమ్ముడు అడ్డం పడ్డారు.

"ఆగక్కా! నీళ్లకి మేత వెయ్యాలి. రోజూ పరీక్ష చెయ్యాలి. నా ఒక్కడి వల్ల కావట్లేదు."

వదినగారు ఆలోచించారు. "సరే. చేపలు నీళ్లలో పడేదాకా ఉంటా. పడిన మర్నాడే బండెక్కుతా. మళ్లీ ఆగమనకూడదు."

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. చిన్న గాజుగొట్టంలో కొలను నీళ్లు పోసి మందుచుక్కలు వేస్తారు. కాసేపటికి నీళ్లు ఆకుపచ్చగా మారితే, మేత కుళ్లిన విషాన్ని సూక్ష్మజీవులు ఇంకా తినెయ్యనట్టు. నిమ్మపండులా పసుపు తిరిగితే చేపలు దిగొచ్చు. రోజూ పదిగంటలకి అక్కాతమ్ముళ్లిద్దరూ గట్టు మీద కూర్చుని, గొట్టాన్ని వెలుగుకి ఎత్తిపట్టుకుని చూసేవారు.

"ఆకుపచ్చేనా అక్కా?"

"ఆకుపచ్చేరా."

నెల గడిచింది. కొట్టాయన ఫోన్ చేశాడు. "అమ్మా, మీ చేపలు నా తొట్టిలో బలిసి కూర్చున్నాయి. తీసుకెళ్తారా, ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటారా?" మరో మూడు వారాలు గడిచాయి. ఒకరోజు ఆవిడ విసుగెత్తి తనే వెళ్లి గొట్టం అందుకుని చూసింది. నిగనిగలాడే పసుపు!

"ఇది పసుపు కదండీ?"

"ఆకుపచ్చ" అన్నారాయన, ఎటో చూస్తూ.

"వదినా, మీరు చెప్పండి."

వదినగారు కళ్లజోడు సర్దుకున్నారు. "నాకూ కాస్త ఆకుపచ్చగానే ఉందమ్మా."

ఆవిడకి దిగులు పట్టుకుంది. వదినంటే పెద్దావిడ, తమ్ముడి మాట కొట్టెయ్యలేక అంటోందనుకోవచ్చు. ఈయన కళ్లే పోతున్నాయి కాబోలు! దర్జీని పిలిచి చూపిస్తే అతనూ పసుపేనన్నాడు, రోజూ రంగు దారాలతో బతికే మనిషి. పాపం వదిన కూడా ఈయన కంటి జబ్బు వల్ల సర్దిన పెట్టెతో ఇక్కడ చిక్కుకుపోయింది. ఆ సాయంత్రమే ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరు గోడ మీద అక్షరం చూపించి ఏమిటన్నాడు. "ఆగండి" అన్నారాయన. ప్రతి అక్షరానికీ ఆగమన్నారు. ప్రతి అక్షరమూ సరిగ్గా చెప్పారు. బయట బెంచీ మీద జనం గొణగడం మొదలెట్టారు. తర్వాత రంగుచుక్కల పుస్తకం తీసి పేజీ పేజీ అడిగితే, చుక్కల్లో దాగిన అంకెలన్నీ తప్పు లేకుండా చదివేశారు.

"కళ్లకేమీ లేదమ్మా. రంగులు నాకన్నా బాగా కనిపిస్తున్నాయి" అన్నాడు డాక్టరు.

"మరి పసుపుని పట్టుకుని ఆకుపచ్చంటారేం?"

"దానికి నా దగ్గర మందు లేదు. ఇంటికెళ్లి మీరే అడగండి."

ఇంటిదాకా ఆగే మనిషా ఆవిడ! ఆస్పత్రి మెట్ల మీదే నిలదీసింది.

"నీళ్లు నెల కిందటే తయారయ్యాయే" అన్నారాయన చెప్పుల వంక చూసుకుంటూ. "చేపలు పడితే అక్క వెళ్లిపోతుంది. అక్కడ అంత ఇంట్లో ఒక్కత్తే. ఒకపూట వండి మూడుపూటలా తింటోందట. రాత్రీ పగలూ రేడియో ఆపదట, మాట వినబడడానికి. ఉండమంటే ఉంటుందా? తమ్ముడింట్లో ఊరికే పడి ఉన్నాననుకుంటుంది. ఇక్కడైతే పని ఉందనుకుంటోంది."

ఆవిడకి ముప్పై నాలుగేళ్లుగా ఒళ్లు మండించిన ఆ 'ఆగండి' మీద మొదటిసారి ప్రేమ పుట్టుకొచ్చింది. కాని ఏం లాభం? కొట్టాయనకి పొద్దున తనే ఫోన్ చేసి, ఆదివారం చేపలు తెచ్చి పడెయ్యమని గట్టిగా చెప్పేసింది. తీరా ఇప్పుడు వద్దందామని చేస్తే అతను ఎత్తడు.

ఆదివారం పదిగంటలకి కొట్టాయన నీళ్లసంచుల్లో చేపలతో వచ్చేశాడు. దర్జీ దంపతులు గోడ దగ్గరికి చేరారు. గొట్టంలో చుక్కలు పడ్డాయి. నీళ్లు నిమ్మపండులా పసుపు తిరిగాయి. అందరూ ఆయన ముఖం వంక చూశారు.

"ఆగండి..." అన్నారాయన బలహీనంగా.

"చాల్లేరా!" అన్నారు వదినగారు. "పసుపే. నెలరోజులుగా పసుపే. ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో గాజుగొట్టాల రంగులు చూసి డాక్టర్లకి చెప్పినదాన్ని, నాకు తెలీదనుకున్నావా?"

"మరి చెప్పలేదేం అక్కా?"

"నువ్వు ఉండమంటున్నావని తెలుస్తూనే ఉంది. నాకూ ఉండాలనే ఉంది. అందుకని చెప్పలేదు. కాని మాటంటే మాటే. వెయ్యండి చేపల్ని. రేపు పొద్దున్న బండెక్కుతా."

సంచులు అరగంట నీళ్లమీద తేలాలని, చేపలకి కొలను నీళ్ల చలువ అలవాటవ్వాలని ఆయన ఆగమన్నారు. ఈసారి ఎవరూ విసుక్కోలేదు. అరగంటయ్యాక సంచుల మూతులు విప్పారు. ఎనిమిది చేపలూ ఒకదాని వెనక ఒకటి బయటికి జారి, లేత పాచి పట్టిన గోడని ముక్కులతో తడిమి, తిన్నగా వదినగారు కూర్చున్న వైపుకి వచ్చాయి. రోజూ మేత పడేది అక్కడే, వాసన తగిలినట్టుంది. వదినగారు లేచి పెట్టె తీసుకురావడానికి లోపలికి నడిచారు.

"ఆగండి వదినా!"

దర్జీ టేపు జారి కిందపడింది. ఆ మాట అన్నది ఇల్లాలు.

"చేపలు పడ్డాకేనండీ అసలు పరీక్షలు. ఇక రోజూ రంగు చూడాలి. మీ తమ్ముణ్ని నమ్మలేం, పసుపుని ఆకుపచ్చంటారు. నాకేమో రంగు తేలేదాకా కూర్చునే ఓపిక లేదు. నమ్మకమైన నర్సు కావాలి ఈ ఇంటికి."

"ఎన్నాళ్లమ్మా?"

"ఇప్పుడే ఏం చెప్తాం? చూద్దాం, ఆగండి."

వదినగారు ఆవిడనీ, తమ్ముణ్నీ, కొలనునీ ఒకసారి చూశారు. తర్వాత గట్టు మీద కూర్చుని గాజుగొట్టం కడగడం మొదలెట్టారు. "పనైతే ఉంది మరి" అన్నారు తనలో తను.

ఆ మధ్యాహ్నమే పెట్టె అటకెక్కింది. ఎక్కించినవారు ఆగండిగారే, బతుకులో మొదటిసారి ఒక్క క్షణం ఆగకుండా. పెట్టె దించాలంటే నిచ్చెన కావాలి. ఆ నిచ్చెనకి ఆయన దిగిన వెంటనే రంగు వేశారు. ఏడాదిన్నరయింది, ఇంకా ఆరలేదట. ఏం రంగని ఎవరైనా అడిగితే ఆయన ఆకుపచ్చంటారు. వదినగారూ ఆకుపచ్చేనంటారు. ఈమధ్య ఇల్లాలికి కూడా అది ఆకుపచ్చగానే కనిపిస్తోంది. దర్జీకి మాత్రం పసుపు.