రేకుల మీద వేసిన పన్ను

మా బిడ్డ నోరు మూయించడానికి నేను కనిపెట్టిన ఉపాయం చాక్లెట్. సిగ్గు విడిచి చెబుతున్నాను. సిద్దిపేటలో మా ఇంటి ముందు గదిలోనే నా జాకెట్ల కుట్టుపని. బడి నుంచి రాగానే అది మిషన్ పక్కన చేరి ఒకటే ప్రశ్నలు వేసేది. కొలత తప్పుతుందని నాకు చిరాకు. అందుకే గుండీల డబ్బా పక్కన చాక్లెట్ల డబ్బా పెట్టుకున్నాను. ఒకటి నోట్లో పడితే పావుగంట చప్పుడుండదు. జాకెట్లకు వచ్చిన ఆడవాళ్లు "ఎంత బుద్ధిగ కూసున్నదో" అని మెచ్చుకుని పోయేవాళ్లు. ఆ బుద్ధి దానిది కాదు, చాక్లెట్‌ది.

ఆరేళ్లు నిండిన కొత్తలో దాని కింది దవడలో, అన్ని పళ్లకూ వెనకాల ఒక పెద్ద పన్ను వచ్చింది. ఏ పన్నూ ఊడకుండానే వచ్చింది కాబట్టి దాన్నీ పాలపళ్లలోనే కలిపేశాం. ఏడాది తిరిగేసరికి దాని మీద నల్ల మచ్చ, ఆ తర్వాత గుంత. నేను చూడలేదని అబద్ధమాడను, చూశాను. మా అత్తమ్మకు కూడా చూపించాను.

"పాలపండ్లకు దవాఖాన ఏందే? ఇయ్యాల గాకుంటే రేపు ఊడేటియే గద. కొత్తది మంచిగ వస్తది" అన్నది ఆమె.

ఆ మాట నాకు హాయిగా అనిపించింది. దవాఖానకు పోవాలంటే ఒక పూట మిషన్ ఆపాలి. ఇంకొకరి మాట అడ్డం పెట్టుకుని పని తప్పించుకోవడం నాకు బాగా చేతనవును. నొప్పి అన్నప్పుడల్లా పంటి కింద లవంగం పెట్టాను. లవంగం ఘాటుకు ఏడిస్తే, ఏడుపు ఆపడానికి మళ్లీ చాక్లెటే ఇచ్చాను.

మూఢం పోయి లగ్గాలు మొదలైన వారం చంద్లాపూర్ నుంచి పెళ్లివాళ్లు పదకొండు జాకెట్లు ఇచ్చి పోయారు. సరిగ్గా అప్పుడే బిడ్డ చెంప వాచింది. రెండు రోజులు నొప్పి గోలీలతో నెట్టుకొచ్చాను. మూడో రోజు పొద్దున దవడ గట్టిపడి, నోట్లోకి చెంచా కూడా పోలేదు. ఒళ్లు కాలిపోతోంది. అప్పుడు లేచాను, పదకొండులో తొమ్మిది అయిపోయాక.

పళ్ల డాక్టరమ్మ వాపు తగ్గడానికి మందులిచ్చి, నాలుగు రోజుల తర్వాత పన్ను తీయాలంది. బిడ్డ బయట నాయినమ్మ ఒళ్లో ఉంది. "పాలపన్నే గదమ్మా" అన్నాను నేను, నన్ను నేను ఓదార్చుకోవడానికి.

"గిది పాలపన్ను కాదమ్మా. ఆరేండ్లప్పుడు వెనుక నుంచి వచ్చే అసలు పన్ను. జిందగీ అంత ఉండాల్సింది. దీని జాగల ఇంకోటి రాదు. మచ్చ ఉన్నప్పుడే తెస్తే సిమెంటు పెట్టి కాపాడుతుంటిమి" అన్నదామె. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఇలాంటివి నోట్లో ఇంకా మూడున్నాయని, ఎనిమిదేళ్లు దాటేదాకా పళ్లు మేమే దగ్గరుండి తోమించాలని, అప్పుడప్పుడూ ఫోన్ లైటు వేసి వెనక పళ్లు చూడాలని, దినమంతా ఏదో ఒకటి చప్పరించే అలవాటు మాన్పించాలని చెప్పింది. పదకొండు జాకెట్ల కొలతలు కాగితం చూడకుండా చెప్పగలను. కన్నబిడ్డ నోట్లో ఏ పన్ను ఏదో నాకు తెలియదు.

తీసిన పన్నును దూదిలో చుట్టి ఇమ్మని బిడ్డే అడిగింది. ఇంటికి రాగానే అత్తమ్మ వెనక గల్లీలో పాలు పోసేవాళ్ల దగ్గర నుంచి ఆవుపేడ తెచ్చి, పన్నును అందులో పెట్టి ఉండ చేసింది. మా ఇళ్లలో ఊడిన పన్ను అలా ఇంటి మీదికి విసిరితేనే కొత్త పన్ను వస్తుందని నమ్మకం. స్లాబు ఎత్తు బిడ్డకు అందదని బాత్రూం రేకులు చూపించింది. మొదటిసారి ఉండ జారి కింద పడింది. రెండోసారీ పడింది. "గట్టిగ ఇసురు బిడ్డా, కిందపడితే పన్ను తొందరగ రాదు" అన్నది అత్తమ్మ. మూడోసారి రేకుకు అతుక్కుంది. వాపు ఇంకా పూర్తిగా దిగని చెంపతో అది చప్పట్లు కొట్టింది.

నేను చేతిలో కత్తెరతో గడపలో నిలబడి ఉన్నాను. డాక్టరమ్మ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే తప్పు నా మీదికి వస్తుందని భయం. అంతకంటే వేరే కారణం లేదు.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే నా ముందు నోరు తెరిచేది. "అమ్మా, వచ్చిందా?" నేను ఫోన్ లైటు వేసి చూసినట్టు చూసి, "ఇంక రాలే బిడ్డా" అనేదాన్ని. ముందు పళ్లు ఊడాయి, వచ్చాయి. ఆ గుంత మాత్రం అలాగే ఉంది. ఎదురుపక్కన, దానికి జోడు పన్ను మీద చిన్న నల్ల చుక్క కూడా కనబడసాగింది. ఈసారి లగ్గాలు అయిపోయాక చూపిద్దామనుకున్నాను. మళ్లీ అదే వాయిదా.

ఒక సాయంత్రం మిషన్ పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "అమ్మా, రెండుసార్లు కిందపడ్డది గద. నేను మంచిగ ఇసరలేదనే వస్తలేదా?"

ఇన్ని నెలలుగా ఆ తప్పు తనదే అనుకుంటోంది. నా కాలు పెడల్ మీద ఆగిపోయింది. ఏడుపు ఆపుకోలేకపోయాను. "నీ తప్పు ఏం లేదు బిడ్డా. అది మల్ల రాదు. నేనే చూసుకోలే" అన్నాను.

"నీకు ఎప్పుడు ఎరుకైంది?"

"దవాఖానలనే."

"మరి నన్నెందుకు ఇసరనిచ్చినవ్?"

అలవాటుగా నా చేయి చాక్లెట్ల డబ్బాలోకి పోయింది. అది అప్పటికే ఖాళీ.

మర్నాడు ఫోన్ లైటు పట్టుకుని పిలిస్తే పెదాలు బిగించుకుంది. బతిమాలాను, కసిరాను, తెరవలేదు. "నువ్వు అబద్దం చెప్తవ్" అని బ్రష్ పట్టుకుని తనే పోయి తోముకుంది.

ఆ వారమే మిషన్ మీద గుడ్డ కప్పేసి, నల్ల చుక్క పడ్డ పన్ను కోసం దవాఖానకు తీసుకెళ్లాను. కుర్చీ ఎక్కి అది నేరుగా డాక్టరమ్మను అడిగింది. "ఇది పోతే మల్ల వస్తదా?"

"రాదు బిడ్డా" అన్నదామె.

మా బిడ్డ ఒకసారి నా వైపు చూసింది. తర్వాత తల తిప్పుకుని, డాక్టరమ్మకు నోరు పెద్దగా తెరిచింది.