జోరువానలో తీసిన నెబ్యులా

మా వాషర్‌మెన్‌పేట్ మేడ మీద నుంచి నెబ్యులాలను, అంటే చుక్కల మధ్య మెరిసే వాయుమేఘాలను, ఫొటో తీస్తానంటే నవ్వనివాళ్లు లేరు. హార్బర్ దీపాల వెలుగుకు తొండియార్‌పేట వైపు ఆకాశం రాత్రంతా నారింజ రంగులోనే ఉంటుంది. అయినా మూడంగుళాల టెలిస్కోపుకు కెమెరా తగిలించి, వీధిదీపాల వెలుగును ఆపే ఫిల్టరు పెట్టి, పదకొండు రాత్రులు ఒకే నెబ్యులాను తీశాను. ఒక్కో ఫొటోకు మూడు నిమిషాలు. అన్నిటినీ కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేరిస్తే, చివరికి గులాబీ ఆకారంలో బూడిదరంగు మరక ఒకటి తేలింది. నాకది చాలు.

దాన్ని పట్టుకుని, మాలాంటివాళ్లు పెట్టిన ఫొటోల ప్రదర్శనకు మా మేనత్తతో కలిసి వెళ్లాను. అక్కడ జనమంతా ఒక పెద్దమనిషి ఫొటో చుట్టూ మూగారు. అదే నెబ్యులా, పెళ్లిమంటపం అలంకరణలా ఎర్రగా ధగధగలాడుతోంది. ఆయన నా ఫొటో ముందు ఆగి, "లెన్సు తుడుచుకోవాలి తమ్ముడూ" అన్నాడు.

"మీది ఎప్పుడు తీశారు సార్?"

"మొన్న శనివారం. మా మేడ మీదే. అరగంటలో అయిపోయింది."

ఆ శనివారమంతా ఊరు వానలో మునిగింది. అది తెలిసీ నేను అందరితోపాటు చప్పట్లు కొట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

అత్త ఊరుకోలేదు. "ఏంది సార్, ఆ పొద్దు మా ఈదిలో మోకాలిలోతు నీళ్లు. మీ ఆడ వానే పళ్లేదా?"

"సాఫ్ట్‌వేర్ మబ్బుల్ని తీసేస్తుందమ్మా" అన్నాడాయన, తడబాటన్నదే లేకుండా.

"అట్నే మా ఈదిలో నీళ్లు గూడా తీసేసుంటే బాగుండు."

ఎవరో కిసుక్కుమన్నారు. నిర్వాహకులు గబగబా భోజనాలకు పిలిచారు. సాయంత్రం మొదటి బహుమతి శాలువా ఆయన భుజాల మీదే పడింది.

నెల తిరక్కముందే ఆయన ఫోన్ చేశాడు. ఫొటోలు తీయడం నేర్పమన్నాడు. సరే రమ్మన్నాను. వచ్చి మేడ మీద పావుగంట నిలబడి, దోమల్ని కొట్టుకుంటూ, "ఇంకా కనపడదేం?" అన్నాడు.

"ఇంకో నాలుగు గంటలు తీయాలి సార్."

"అంతసేపా! నీ దగ్గరున్న ఫైళ్లు ఇచ్చెయ్ తమ్ముడూ. రంగులు నేను వేసుకుంటాలే."

ఇవ్వనన్నాను. మెట్లు దిగి వెళ్తూ, వాకిట్లో ఉన్న అత్తతో నాకు ఓర్వలేనితనం ఎక్కువని చెప్పిపోయాడు.