నేను యాదమ్మ కొడుకునైన పూట

ఒక పెద్దావిడకి పళ్ళు కట్టించబోయి, దవాఖాన మొత్తం చేత ఛీ కొట్టించుకున్న మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. అప్పుడు నాకు పాతికేళ్ళు. కడప నుంచి వచ్చి, ఖాజాగూడ చెరువు దగ్గర గది కిరాయికి తీసుకుని, హైటెక్ సిటీలో ఉద్యోగం వెలగబెడుతున్నాను. మెడలో కంపెనీ ట్యాగ్ ఉంటే ఏ తలుపైనా తెరుచుకుంటుందని గట్టి నమ్మకం. స్నానానికి తప్ప దాన్ని తీసిన గుర్తు లేదు.

మా సందు మొగదల యాదమ్మ జొన్నరొట్టెల బండి ఉండేది. పిల్లాజెల్లా లేని మనిషి. నేను ఆఫీసు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా నాకోసం రొట్టెలు, ఇంత పచ్చడి దాచిపెట్టేది. ఆవిడకి పైవరస పళ్ళన్నీ ఊడిపోయాయి. రోజంతా రొట్టెలు కాల్చి, తను మాత్రం చారులో నానబెట్టుకుని మింగేది.

"రేషన్ కార్డు మీద గుండెకు ఆపరేషన్ జేస్తరంట గని, పండ్లు కట్టియ్యరంట బిడ్డా," అని నవ్వేది.

ఒకరోజు ఫోన్లో వార్త చూశాను. ఇకపై పేదవాళ్ళకి కార్డు మీద పళ్ళసెట్టు కూడా ఉచితమట. అంతే, నాలోని సంఘసేవకుడు లేచి కూర్చున్నాడు.

"రేపే పోదాం పా యాదమ్మా, నేనుంటా కదా."

"నువ్వెందుకు బిడ్డా, నేనే పోతా," అందామె. వింటే కదా నేను.

దవాఖానలో కౌంటర్ గుమాస్తా కార్డు చూసి తలూపాడు. తర్వాత నావైపు తిరిగాడు. "పేషెంట్ ఎంబడి ఇంటోళ్ళే ఉండాలె. నువ్వెవరు?"

బయట కూర్చుంటానంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా? "కొడుకుని సార్," అన్నాను, ట్యాగ్ కాస్త ముందుకు లాగి మరీ.

ఆయన ట్యాగ్ చూశాడు, నన్ను చూశాడు, కార్డు పక్కన పెట్టేశాడు.

"సాఫ్ట్‌వేరా?"

"అవును సార్." గర్వం చూడండి నాది.

"ఇది గరీబోళ్ళకిచ్చే కార్డు. కొడుకు సాఫ్ట్‌వేర్ల ఉంటే తల్లికి ఫ్రీ పండ్లెట్ల ఇస్తం? వాపస్ పొండ్రి."

"అయ్యో, నేను కొడుకుని కాదు సార్. ఊరికే అన్నా."

వెనక లైన్లో ఉన్న ఒకావిడ అందుకుంది. "ఏంది, ఇప్పుడే గద కొడుకునంటివి? పైసలు పెట్టాల్సొస్తదని కన్నతల్లినే కాదంటున్నవా?"

"కాదక్కా, మాది కడప."

"ఇల్లరికం పోయిండేమో," అని ఆమె పక్కనున్న తాత తేల్చేశాడు.

ఆధార్ చూపిద్దామని ఫోన్ తీశాను. అది ఇంకా పెద్ద తప్పు. "ఫోన్ జూడు ఎంతున్నదో. తల్లి నోట్ల పండ్లు లెవ్వు," అని లైనంతా మండిపడింది. నా పరువు సంగతి అటుంచండి, యాదమ్మకి రావలసిన పళ్ళు నా చేతులారా పోగొట్టానే! ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు యాదమ్మ కళ్ళొత్తుకుంటూ ముందుకొచ్చింది.

"నా కొడుకే సారూ. లగ్గమైనంక ఏరుపడ్డడు. బుక్కెడు బువ్వ గూడ పెట్టడు. నేనే రొట్టెలమ్ముకొని బతుకుతున్న. ఇయ్యాల ఏం బుద్ధి పుట్టిందో, ఎంబడి వచ్చిండు."

నాకింకా పెళ్ళి సంబంధాలు కూడా రాని రోజులవి. గుమాస్తా కార్డు తీసుకుని ముద్ర గుద్దాడు. "నువ్వు లోపలికి పో అమ్మా," అని ఆమెతో మెత్తగా అన్నాడు. నాతో మాత్రం, "నువ్వు గేటు బయట నిలబడు," అన్నాడు.

ఆమె బయటికి రాగానే అడిగాను. "అదేంది యాదమ్మా, అంత మాటన్నావు?"

"నువ్వు మొదలువెట్టినవ్ బిడ్డా, నేను పూర్తి జేసిన. పండ్లొస్తున్నయా లేదా?"

పళ్ళసెట్టు ఒక్కపూటలో రాదు. కొలతలకనీ, సరిచూడటానికనీ మళ్ళీమళ్ళీ తిరగాలి. సిగ్గు చంపుకుని ప్రతిసారీ వెంట వెళ్ళాను. నన్ను చూడగానే బెంచీ మీదివాళ్ళు దూరం జరిగి కూర్చునేవాళ్ళు. ఇల్లరికం తాత అయితే మళ్ళీ కనబడి, "ఫోన్ కలుపు, నీ పెండ్లానికి నేను జెప్త," అని కూర్చున్నాడు. లేని పెళ్ళాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చేది?

ఇప్పుడా సందులో అద్దాల మేడ లేచింది. యాదమ్మా లేదు. ఆ దారిన క్యాబ్‌లో పోతుంటే ఆమె మీద బెంగ పుడుతుంది.

అప్పట్లో పళ్ళు పెట్టిన రోజు ఆమె నా చెయ్యి పట్టుకుని నేరుగా కౌంటర్ దగ్గరికి లాక్కెళ్ళింది. "చూడు సారూ, నా కొడుకు మారిండు. ఇప్పుడు మంచిగ చూసుకుంటుండు," అంది. అప్పటికి పళ్ళు చేతికొచ్చేశాయి, ఆ మాట చెప్పాల్సిన అవసరమే లేదు. గుమాస్తా లేచి నా భుజం తట్టాడు. "ఇట్లనే ఉండు తమ్మీ." నేను తలూపాను.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ దవాఖాన కౌంటర్ దగ్గరా నేను ఎవరికీ కొడుకునని చెప్పను. ఏ తల్లైనా తనే చెప్పుకుంటే మాత్రం కాదనను.