పైగాజు పగలగొట్టిన దీపం

సంచి మీద అచ్చయిన అక్షరాలు చదివేటప్పుడు, వాటి కోసం ఎవరి కళ్ళు కాలాయని మీరు ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉండరు. నేనూ అడగలేదు. మీకు తెలియదన్న సాకైనా ఉంది, నాకు అదీ లేదు. ఆ దీపం తెచ్చి వెలిగించింది నేనే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదిహేనేళ్ళు దాటిన రోజులు. మెదక్ బజారు వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని, గుడ్డసంచుల మీద, రేకుల మీద అచ్చువేసే చిన్న కార్ఖానా నడిపేవాణ్ణి. సాయంత్రాలు చర్చాసభలు. దిష్టి, దయ్యం, తాయెత్తు, ఏది దొరికితే దాన్ని చీల్చి చెండాడేవాణ్ణి. కార్ఖానాలో చేతిపని మాత్రం ఒక్క మనిషిదే. నాకంటే పదేళ్ళు పెద్ద. తాతల నుంచి బట్టల మీద అద్దకం వేసిన ముస్లిం కుటుంబం. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు.

పని ఇలా ఉండేది. చెక్క చట్రానికి పలుచటి పట్టుగుడ్డ బిగించి, దాని మీద జిగురు పూస్తాం. ఆ జిగురులో నారింజ రంగు ఉప్పు ఒకటి కలుపుతాం. పైన నల్లటి అక్షరాలు రాసిన పలుచని కాగితం పెట్టి ఎండలో ఉంచితే, వెలుగు తగిలిన చోట జిగురు గట్టిపడుతుంది, అక్షరాల కింద మెత్తగానే ఉండిపోతుంది. నీళ్ళతో కడిగితే మెత్తటిది పోయి అక్షరాలు తెరుచుకుంటాయి. వాటిలోంచి సిరా దిగుతుంది. జిగురు ఎంత గట్టిపడిందో గడియారం చెప్పదు, భాయ్ కళ్ళు చెప్పేవి. చట్రాన్ని సూర్యుడికి అడ్డంగా ఎత్తి, ఒక అంచు నుంచి తొంగి చూసేవాడు. పసుపు రంగు గోధుమలోకి తిరిగిన క్షణాన "అయింది" అనేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ ఏడు మృగశిరలోనే ముసురు పట్టింది. కుల్చారం వైపు విత్తనాల వ్యాపారికి సంచులు కావాలి. విత్తే అదును దాటితే ఆ సంచులు ఎవరికీ అక్కర్లేదు. ఎండ లేదు, చట్రాలు జిగటగా అలాగే పడి ఉన్నాయి. అప్పుడు ఒక ఇంగ్లీషు పత్రికలో చదివాను: వీధిదీపాలకు వాడే పాదరసం బల్బు పైగాజు తీసేస్తే లోపలి గొట్టం నుంచి కంటికి కనిపించని కిరణాలు నేరుగా వస్తాయి, జిగురు ఎండకంటే తొందరగా గట్టిపడుతుంది. హైదరాబాద్ నుంచి బల్బు తెచ్చాను. గుడ్డలో చుట్టి, సుత్తితో మెల్లగా కొట్టి, పైగాజు నేనే పగలగొట్టాను.

ఆ పేజీ అడుగున మరొక వాక్యం ఉంది. దీపాన్ని పెట్టెలో మూసి వాడాలి, నేరుగా చూడకూడదు అని. అదీ చదివాను. భాయ్‌కి మాత్రం చెప్పలేదు. మరిచిపోయి కాదు. భయమనే మాట ఎత్తితే పొద్దున్నే దీపానికి నిమ్మకాయ కడతాడని అనుకున్నాను. అంత తెలివి నాది.

దీపం వెలిగింది. నీలంగా, మెత్తగా, వెన్నెల లాంటి వెలుగు. సూర్యుణ్ణి చూస్తే రెప్పలు వాటంతట అవే మూసుకుంటాయి. ఈ దీపం ముందు మూసుకోవు. భాయ్ అలవాటు ప్రకారం చట్రం ఎత్తి, అంచు నుంచి దీపం వైపు తొంగి చూశాడు. మళ్ళీ చూశాడు. రోజంతా చూశాడు.

"సార్, గీ లైటు వాసనొస్తుంది" అన్నాడు మధ్యాహ్నం.

"వెలుగుకు వాసనేంది భాయ్? రేపు రుచి కూడా ఉందంటావా?"

"నవ్వకుండ్రి. ఎండల గింతసేపు నిలబడ్డ, ఎన్నడన్న వాసనొచ్చిందా? గిది మంచి ఎండ గాదు."

"మంచి ఎండ, చెడ్డ ఎండ ఉండవు. వెలుగు వెలుగే."

భాయ్ నవ్వాడు. "మీరు అల్లాను నమ్మరు, దేవుణ్ణి నమ్మరు. గీ బల్బును మాత్రం మస్తు నమ్ముతరు."

ఆ వాసన నిజమే. ఆ కిరణాలు గాలిని కూడా మార్చేస్తాయని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆయన ముక్కు చెప్పింది పరిశీలన. నా నోరు చెప్పింది విశ్వాసం.

మర్నాడు పొద్దున ఆయన భార్య వచ్చింది. "సారూ, ఈయన కండ్లు తెరుస్తలేడు. కండ్లల్ల మిరపపొడి వోసినట్టున్నదంటుండు. ఆ దీపంకాడ ఏదో నజర్ తాకింది."

నాకు కోపం వచ్చింది. జబ్బు గురించి కాదు, ఆ మాట గురించి. గుమ్మంలో నిలబెట్టి, నజర్, దిష్టి అంతా వట్టిదని ఉపన్యాసం ఇచ్చాను. "ఏం కాదమ్మా, నిద్ర చాలక మండుతున్నాయి. చల్లటి నీళ్ళతో కడగమను" అని పంపేశాను. దవాఖానకు తీసుకుపోదాం పద అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ మాట ఉండాల్సిన చోట నా వాదం కూర్చుంది.

నా దగ్గర దొరకని జవాబు ఆమె ఇంకోచోట వెతుక్కుంది. రేగోడ్ నుంచి వచ్చే ఒకాయన రెండు పూటలు కళ్ళలో ఆకుపసరు పిండాడు. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి కుడికన్ను చీము పట్టి ఉంది.

దవాఖానలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "దీపంతో కాలింది రెండు మూడు రోజుల్లో మానేది. పసరుతో కుళ్ళింది. మొదటి రోజే ఎందుకు తీసుకురాలేదు?"

భాయ్ భార్య నా వైపు చూడకుండానే చెప్పింది: "సారే అన్నరు గద, ఏం గాదని."

కుడికంట్లో పువ్వు పడింది. ఎడమకన్ను దక్కింది కానీ పట్టుగుడ్డ నేత కనిపించేంత చూపు మిగల్లేదు. రంగు తిరిగే క్షణాన్ని పట్టుకునే ఆ మనిషి, ఆ తర్వాత మసీదు పక్కన బంధువు దుకాణంలో బీడీ కట్టలు తడిమి అందించే పనికి కుదిరాడు.

నేనేం చేశాను? వ్యాసం రాశాను. పసరు వైద్యం మీద నిప్పులు చెరిగాను. సభలో చప్పట్లు కొట్టారు. భాయ్ దాన్ని కూతురి చేత చదివించుకుని, నేను దుకాణం ముందు నుంచి పోతుంటే పిలిచాడు.

"మంచిగ రాసిండ్రు సార్. గని బల్బు సంగతి యాడున్నది?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. ఆ దుకాణం మీదుగా మళ్ళీ నడవలేదు, ఇంకో వీధి నుంచి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

ఆ వానాకాలంలో నా దీపాన్ని చూసిపోయిన ఒకాయన తన కార్ఖానాలోనూ అలాంటిదే పెట్టుకున్నాడు. వెళ్ళి చెప్పాను, దీపాన్ని పెట్టెలో మూయమని బతిమాలాను. పనివాళ్ళ ముందే నవ్వాడు. "మావోళ్ళు మంచిగనే ఉన్నరు సార్. ఏంది, మీరు గూడ దయ్యాలకు భయపడవట్టిండ్రా?" పనివాళ్ళూ నవ్వారు. వాళ్ళ కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. నేనేళ్ళ తరబడి ఊరికి నేర్పిన నవ్వు అది. దాన్ని వెనక్కి తీసుకునే శక్తి నాకు లేదు. ఇక వస్తుందని కూడా అనుకోవడం లేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ వీధిలో సిరానో, పూతనో, జిగురునో అలాంటి నీలం దీపంతో గట్టిపరిచే గది ఒకటి ఉండే ఉంటుంది. ఇవాళే వెళ్ళండి. యజమానితో కాదు, దీపం ముందు వంగి నిలబడ్డ మనిషితో మాట్లాడండి. కళ్ళు మండుతున్నాయంటే కారణం గురించి వాదించకండి, చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకుపొండి. తిరిగి వచ్చి, ఆ దీపాన్ని రేకుపెట్టెలో మూసేదాకా ఆ గుమ్మం వదలకండి.