ఎర్ర బండా, పసుపు బండా?

మా పక్క పొలం రేవి ఆకలికి ఆగగలడు, దాహానికి ఆగగలడు, ప్రార్థన మధ్యలో దగ్గుకు కూడా ఆగగలడు. కానీ కళ్ళ ముందు ఒక నాలుగు చక్రాల క్వాడ్ బైకు నిలబడి ఉంటే, దాని పక్కన ఇంకో రంగు క్వాడ్ బైకును నిలబెట్టి రెండింటినీ పోల్చేదాకా మాత్రం ఆగలేడు. మా కొండల్లో బండ్లను కంపెనీ పేర్లతో ఎవరూ పిలవరు. ఎర్రది, పచ్చది, నీలంది, పసుపుది. అంతే. కొత్తగా వచ్చినవాణ్ణి ఏ చర్చికి పోతావని అడగం, ఏ రంగు తోలతావని అడుగుతాం. రేవి అంతటితో ఊరుకోడు. ఎందుకు తోలతావని కూడా అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయినవాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరడు.

ఒకసారి దగ్గరి పట్నం టైహాపేలో వ్యవసాయ ప్రదర్శనలో బండ్లమ్మే కుర్రాడితో తగువు పెట్టుకున్నాడు. ఆ కుర్రాడు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో నిలబడి అరగంట నుంచి ఉపన్యాసం దంచుతున్నాడు.

"ఈ బండి ఎక్కలేని కొండ ఈ దేశంలో లేదండీ!"

"ఎక్కడం సరేలే నాయనా, గేటు సంగతేంటి?" అన్నాడు రేవి.

"బండికి గేటుతో ఏం పనండీ?"

"బండికి లేదు, నీకుంది. మా పొలంలో పదకొండు గేట్లు. ఒక్కటీ చదును నేల మీద లేదు. వాలు మీద ఆపాలి, దిగాలి, గేటు తియ్యాలి, వెనక్కి తిరిగి చూస్తే బండి అక్కడే ఉండాలి. ఏదీ, చేసి చూపించు."

కుర్రాడు నవ్వి, బండెక్కి, గొర్రెల దొడ్డి పైనున్న వాలు దాకా పోయి ఆపాడు. హుందాగా దిగాడు. గేటు తీశాడు. జనం వైపు తిరిగి వంగి దణ్ణం కూడా పెట్టాడు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, బండి మాత్రం ఏ తొందరా లేకుండా, పెళ్ళికి వెళుతున్నట్టు వెనక్కి దొర్లుకుంటూ పోయి కేకుల పోటీ డేరాలో దూరింది. కుర్రాడు బ్రేకు వెయ్యడం మరిచాడు.

"బండి తప్పేం లేదు," అన్నాడు రేవి, టోపీ సర్దుకుంటూ. "బ్రేకు వెయ్యకపోతే నాదీ అంతే. కానీ ఇందాకణ్ణించీ మాకు కొండల పాఠం చెబుతున్నావే, నీ జన్మలో ఎప్పుడైనా ఒక గేటు తీశావా?"

జనమంతా చప్పట్లు కొట్టారు. నేనొక్కదాన్నే కొట్టలేదు. ఆ బండి చక్రం కింద నలిగింది నా స్పాంజి కేకు. మొదటి బహుమతి మూల బల్ల మీద బతికి బయటపడ్డ నోలా కేకుకు పోయింది. నోలా అంటే మా వాగు అవతలి పొలం ఆవిడ. ఆవిడ కేకు సంగతి నన్నడక్కండి. దానితో గోడ కట్టుకోవచ్చు.

నేను ముప్ఫై రెండేళ్ళు ఉన్ని కత్తిరించే ముఠాలకు వంట చేసినదాన్ని. పద్దెనిమిది మంది మొగాళ్ళకు రోజుకు ఐదుసార్లు వండి పెట్టాను, ఒక్కణ్ణీ మాటకు మాట అననివ్వలేదు. చదువంటారా, డబ్బాల మీద పేర్లు చదవడానికి ఎంత కావాలో అంత. ఇప్పుడు డెబ్బై తొమ్మిది. కొండ మీద ఒంటరిగా నేను, అరవై గొర్రెలు. ఒక తుంటి దేవుడిచ్చింది, ఒకటి డాక్టరు పెట్టింది. కొండెక్కి గొర్రెల్ని చూసి రావాలంటే నా పసుపు బండి ఒక్కటే గతి. మా తమ్ముడి కొడుకు గ్రాంట్ ముందే చెప్పి పెట్టాడు: "అత్తా, ఆ బండి ఒక్కసారి పల్టీ కొట్టిందంటే, గొర్రెలమ్మేసి నిన్ను మా ఇంటి పక్క గదిలో పెడతాను. ఇంకో మాట లేదు." మంచివాడే. వాళ్ళ పక్క గది కిటికీలోంచి చూస్తే పెట్రోలు బంకు కనిపిస్తుంది. నేను పెట్రోలు బంకును చూస్తూ చచ్చిపోదల్చుకోలేదు.

ఆ తుంటి మార్చినప్పుడు రేవి ఆస్పత్రికి వచ్చాడు. పూలు తేలేదు, పళ్ళు తేలేదు. నా మంచం పక్కన డాక్టర్ని పట్టుకున్నాడు.

"ఏ కంపెనీది డాక్టర్ గారూ?"

"ఏది?"

"మా అక్కకు పెట్టిన తుంటి."

డాక్టరు పాపం చెప్పాడు.

"ఇంకో కంపెనీది దొరకలేదా? దీనికి ఎన్నేళ్ళు గ్యారంటీ? వాలు దిగేటప్పుడు పట్టు ఎలా ఉంటుంది? జులైలో, మన చలికాలంలో, మంచు పడ్డ పొద్దున పట్టేసుకుంటే ఏం చెయ్యాలి?"

"పోరా రేవీ, అవతలికి!" అన్నాను.

"నువ్వాగక్కా. మనం తీసుకున్నాక అడిగి లాభం లేదు. ఇంకో కాలికైనా పనికొస్తుంది."

ఇంతకీ రేవికి అసలైన పిచ్చి గురువారం నాడు పుట్టేది. ప్రతి గురువారం పొద్దున్నే తన కుక్క టుయిని బండి వెనక కూర్చోబెట్టుకుని వచ్చి గుమ్మం ముందు నిలబడేవాడు.

"అక్కా, తాళంచెవి."

"మళ్ళీ ఎందుకురా?"

"నోలా ఎర్ర బండి మలుపులో నీ దానికంటే మెరుగ్గా ఉందంటోంది."

"ఆవిడ మొహం!"

"నాకెందుకక్కా, ఆవిడ అన్నమాట చెప్పాను. పరీక్ష చేస్తే తేలిపోతుంది."

నేను తాళంచెవి విసిరేసేదాన్ని. అదే మాట తిరగేసి అవతల నోలా దగ్గరా చెప్పేవాడని నాకేం తెలుసు? ఒక వారం నా బండి, ఒక వారం ఆవిడ బండి తన ఉన్ని షెడ్డుకు తోలుకుపోయి పొద్దంతా పరీక్ష. బకెట్లో అర డజను గుడ్లు పెట్టి, బకెట్‌ను ముందు కట్టి, కొండెక్కి దిగి, ఎన్ని పగిలాయో చూసేవాడు. గుడ్లు నావే. వెనక కూర్చున్న టుయి ఎన్నిసార్లు దూకేసిందో చూసేవాడు. అది దూకితే బండికి మార్కు తగ్గుతుంది. నీటి మడుగులో నిలబెట్టేవాడు, మంచులో నిలబెట్టేవాడు, ఎన్నో బటను నొక్కుకు లేస్తుందో లెక్కపెట్టేవాడు. ఉన్ని షెడ్డులో చెక్క గోడ మీద ఎవడు ఎన్ని గొర్రెలు కత్తిరించాడో రాసుకోవడం మా వైపు ఆనవాయితీ. రేవి అదే గోడ మీద గొర్రెలకు గుర్తుపెట్టే నీలం సుద్దతో బండ్ల జాతకాలు రాసేవాడు.

సాయంత్రం బండి తెచ్చి అప్పగించేవాడు. కడిగి మరీ.

"ఏం తేలిందిరా?"

"నీది గేరు మెత్తన. ఆవిడది మలుపు మెత్తన. ఎక్కేటప్పుడు నీది, దిగేటప్పుడు ఆవిడది. సమానం."

"గుడ్లెన్ని పగిలాయి?"

"నాలుగు."

"కిందటిసారి రెండేగా?"

"అదే కదక్కా నాకూ అర్థం కాలేదు. ఇంకో వారం చూడాలి."

ఇంకో వారం ఇంకో వారం అంటూ పద్నాలుగేళ్ళు చూశాడు. తీర్పు రాలేదు. ఇంత నాన్చినవాణ్ణి కోర్టులో కూడా చూడం. నేనూ నోలా, ఇద్దరు ముసలివాళ్ళం, ఆ తీర్పు కోసం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా ఎదురుచూశాం.

ఈ చలికాలం మొదట్లో ఒక గురువారం. నేను వంటింట్లో స్కోన్ రొట్టెలు కాలుస్తూ కిటికీలోంచి చూద్దును కదా, రేవి నా బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చక్రంలోంచి గాలి వదిలేస్తున్నాడు! బుస్సుమని నాకు ఇంట్లోకి వినిపిస్తోంది. చేతిలో ఉన్న గరిటతోనే బయటికి ఉరికాను, తుంటి సంగతి కూడా మర్చిపోయి.

"దొంగ వెధవా! పద్నాలుగేళ్ళ నుంచి ఇదా నువ్వు చేస్తున్నది? నా బండికి గాలి తీసి నోలాను గెలిపిస్తున్నావా?"

రేవి తలెత్తి నన్ను చూశాడు. గరిటను చూశాడు. నెమ్మదిగా అన్నాడు: "అవునక్కా. మోసం చేశాను."

"సిగ్గు లేదూ?"

"లేదక్కా. తిట్టు. కానీ ఈ నాలుగో చక్రం ఒక్కటీ పూర్తి చెయ్యనీ."

"ఏంటి, పూర్తి చేస్తావా? నా కళ్ళ ముందే?"

"మూడు చేసి ఒకటి వదిలేస్తే బాగుండదక్కా."

గరిటతో టోపీ మీద ఒక్కటిచ్చాను. ఆ దెబ్బ తింటూనే నాలుగో చక్రం గాలి కూడా తీసి, బొటనవేలితో నొక్కి చూసుకుని, కుక్కను పిలుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ గుమ్మం తొక్కొద్దన్నాను. తొక్కలేదు. రెండు గురువారాలు గడిచాయి.

చెప్పకేం, ఆ రెండు గురువారాలూ ఇల్లు బావురుమంది. అంతకంటే ఆ నాలుగో చక్రం నా బుర్రలో తిరుగుతూనే ఉంది. దొరికిపోయిన దొంగ పారిపోతాడు గాని, మిగిలింది కూడా దోచుకుపోనివ్వమని బతిమాలతాడా? మూడో బుధవారం తడిగుడ్డ పట్టుకుని వాడి ఉన్ని షెడ్డుకు బయల్దేరాను. గోడ మీద ఐవీ అన్న నా పేరు చెరిపేసి, ఈ మోసం ఏనాటిదో కూడా చూసి వద్దామని.

రేవి లేడు. గోడ ఉంది. పైనుంచి కింది దాకా నీలం గీతలు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను.

"ఐవీ, పసుపు. బ్రేకు కేబులు తెగేలా ఉంది. మార్చాను."

"నోలా, ఎర్ర. ముందు చక్రం బేరింగు. పొద్దంతా పట్టింది. గుడ్లు నాలుగు పగిలాయని చెప్పాలి. పగల్లేదు, తిన్నాను."

"ఐవీ, పసుపు. స్టీరింగు నట్టు వదులు. ఈవిడకు దేవుడున్నాడు. బిగించాను."

"పాస్టరు, నీలం. పచ్చదానికంటే తక్కువ అంటే గాని తాళం ఇవ్వలేదు. బ్రేకులు రెండూ మార్చాను."

గోడ పొడుగునా ఇదే వరస. మా లోయలో ఎవరైతే ఒకరి సాయం పుచ్చుకోవడం చిన్నతనం అనుకుంటారో వాళ్ళందరూ ఉన్నారు. ఏ రంగు బండి గొప్పదో మాత్రం ఎక్కడా లేదు. చిట్టచివర, సుద్ద ఇంకా కొత్తగా: "ఐవీ, పసుపు. గ్రాంట్ కారు టైర్లకు కొట్టినట్టు గాలి కొట్టి పోయాడు. అదృష్టం, ఇంకా కొండెక్కలేదు. తీశాను. దొంగనన్నది. నయమే."

క్వాడ్ బైకు చక్రం బొటనవేలికి నొక్కుకుపోవాలి, అప్పుడే వాలును కరుచుకుంటుంది. గట్టిగా కొడితే బంతిలా ఎగిరి మనిషిని కింద వేసుకుని దొర్లుతుంది. ఆ గురువారానికి ముందటి ఆదివారం నేను చర్చిలో ఉండగా గ్రాంట్ వచ్చి, మెత్తగా ఉన్నాయి కదా పాపం అనుకుని, నాకు చెప్పకుండా మేలు చేసి పోయాడన్నమాట. పట్నం పిల్లల మేలు ఇలాగే ఉంటుంది.

"చదివేశావా అక్కా?"

వెనక రేవి. టోపీ చేతిలో ఉంది.

"నాకు చదువు రాదనేగా గోడకెక్కించావు?"

"నీకు ఓపిక లేదు, నోలాకు కళ్ళజోడు లేదు. ఇంతకంటే భద్రమైన చోటు నాకు తట్టలేదు."

"నాతో ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెప్పానక్కా. పద్నాలుగేళ్ళ కిందట, మీ ఆయన పోయిన ఏడు. బ్రేకు చూసిపెడతానంటే, నేనేం అడుక్కుతినడం లేదని టీ కప్పు విసిరావు. వారం పోయాక వచ్చి, నోలా బండి ముందు నీది నిలవదన్నాను. అప్పుడు తాళంచెవి విసిరావు."

తడిగుడ్డను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"మరి ఆవేళ మోసం చేశానని ఎందుకు ఒప్పుకున్నావురా?"

"గ్రాంట్ పని అంటే వాడికి ఫోను చేసి దులిపేస్తావు. వాడికి భయం పట్టుకుంటుంది. గొర్రెలమ్మించి నిన్ను పట్టుకుపోతాడు. ఇక నాకు మిగిలేది నోలా ఒక్కతే. ఒక్క బండిని పెట్టుకుని దేనితో పోల్చమంటావు?"

నేను తడిగుడ్డతో ముక్కు తుడుచుకున్నాను. గోడ మాత్రం తుడవలేదు.

రేవి ఉన్ని మూట మీద కూర్చుని కళ్ళు నులుముకున్నాడు. "అక్కా, కంటి డాక్టరు నన్నింక బండెక్కొద్దన్నాడు. ఎడమ కన్ను అయిపోయింది, కుడిది అదే దారిలో ఉంది. నువ్వు రావద్దన్నందుకు కాదు, ఈ రెండు వారాలూ నోలా దగ్గరికీ పోలేదు. ఆవిడ బండికి వెనక బ్రేకు అరిగిపోయి ఉంది. రేపు దాన్ని ఎలాగైనా ఇక్కడికి తేవాలి."

"తెచ్చి? నాకు స్పానరు ఏ వైపు పట్టుకోవాలో తెలీదు."

"పద్దెనిమిది మందికి వండినదానివి, నట్టు బిగించలేవా? నేనిక్కడ కూర్చుని చెబుతాను, నువ్వు చెయ్యి. పాస్టరుది వచ్చేవారం చూద్దాం."

"అది సరే. నేనడిగితే నోలా నాకు తాళంచెవి ఇస్తుందా?"

"అడిగితే చచ్చినా ఇవ్వదు," అన్నాడు రేవి. "వాగు ఇవతల నిలబడి కేకెయ్యి. నీ ఎర్ర బండి డొక్కుదని, నా పసుపుదాని ముందు అరగంట నిలవదని, దమ్ముంటే పోలికకు పంపమని అరిచి చెప్పు. ఒక్కటే నేను నిన్ను అడిగేది. పొరపాటున కూడా మర్యాదగా మాట్లాడకక్కా. మర్యాదగా మాట్లాడావంటే, జాలిపడి వచ్చావని కనిపెట్టేస్తుంది."