లింబయ్య పహారా

వీణ పోరగాని మెడకు తగిలించి లింబయ్య గంజాయి కొట్టను పోయిండట అని మా బోధన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

లింబయ్య చెరుకు బండి తోలేవాడు. వయసులో ఉండగా గంజాయి చిలుం పట్టి, తర్వాత పండరికి పోయి తులసిమాల వేసుకొని మానేశాడు. చిలుం సంగతి మాత్రం ఊరు మరిచిపోలేదు. మా వాడలో విఠలుని భజన ఆయనే నడిపేవాడు. పాట ఎత్తుకుంటే శ్రుతి తప్పేది. ఒప్పుకునేవాడు కాదు, తాళాల మీద నెపం పెట్టేవాడు.

మా తమ్ముడు నర్సింలుకు అప్పుడు పదహారేళ్లు. కందకుర్తి సంగమం దగ్గర బైరాగుల చిలుం అలవాటు చేసుకున్నాడు. మా అవ్వ ఏడిస్తే, "శివుని పర్సాదమే అవ్వా, తప్పేంది?" అనేవాడు. రోజూ మధ్యాహ్నానికి స్నేహితులతో చెరుకు తోటల్లోకి జారుకునేవాడు. నేను బడి మాని ఇంట్లో ఉండేదాన్ని. అన్నీ చూసేదాన్ని, ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

అవ్వ లింబయ్య కాళ్ల మీద పడింది. "వానికి గా మాల వెయ్యన్నా."

"మాలంటే లేగకు కట్టే పలుపా చెల్లె? తెంపుకుంటే మల్ల దేవుని మొకం గూడ సూడడు. సప్తకు తోలు."

సప్తలో ఏడు రోజులు భజన ఆగదు, వీణ నేల తాకదు. మెడలో వేసుకొని నిలబడ్డవాడు, తర్వాతి పహారా మనిషి వచ్చి అందుకుంటేనే కదలాలి. ఆ యేడాది సప్త పందిరి మా ఇంటి ముందే. నాలుగో రోజు పొద్దున లింబయ్య వీణను నర్సింలు మెడలో వేసి, "పగటీలికి నేనొస్త" అని వెళ్లాడు.

మధ్యాహ్నం దాటినా రాలేదు. నర్సింలుకు చెమటలు పట్టాయి. పందిరి బయట స్నేహితులు ఈల వేశారు.

"లింబయ్య మామ ఏడి?" అన్నాడు నర్సింలు.

తాళాలు కొట్టే సాయన్న నవ్వాడు. "చిలుం యాదికొచ్చిందేమో. కింద పెట్టి పోరాదు మరి."

"కింద ఎట్ల పెడ్తరే? నువ్వు పట్టుకుంటవా?"

"నా మోకాళ్లు నిలవడనియ్యవు బిడ్డా."

ఈలలు ఆగిపోయాయి. నర్సింలు కదల్లేదు.

పొద్దుగూకినాక లింబయ్య వచ్చి వీణ అందుకున్నాడు. "ఎద్దు కుంటింది, ఆలిశమాయె" అన్నాడు. తమ్ముడు అక్కడే పందిట్లో పడి నిద్రపోయాడు. ఆ తర్వాత కూడా వాడు రెండుసార్లు చిలుం ముట్టాడు, రెండుసార్లూ లింబయ్య దగ్గరికే వెళ్లి చెప్పాడు. మూడో ఏట తానే అడిగి మాల వేయించుకున్నాడు.

ఆ రోజు లింబయ్య ఎద్దులు కొట్టంలోనే ఉన్నాయి. ఆయన మా వంటింటి తడక వెనుక, నాకు మూడడుగుల దూరంలో, సందులోంచి పందిరి వైపే చూస్తూ పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. నేను పెట్టిన రొట్టె ముట్టలేదు.