మునగాకు మేత

అనంతపురంలో నేను చదివిన కాలేజీలో, మేమంతా అక్కా అని పిలిచే పరిశోధక విద్యార్థిని ఒకామె ఉండేది. కంబదూరు దగ్గరి పల్లె ఆమెది. పండ్ల మీద వాలే చిన్న ఈగలను గాజు గొట్టాల్లో పెంచేది. కొన్నిటి మేతలో మునగాకు పొడి కలిపేది, కొన్నిటికి కలిపేది కాదు. తర్వాత గొట్టాన్ని బల్ల మీద తట్టి, కిందపడిన ఈగల్లో ఏవి ముందు తేరుకుని పైకి పాకుతాయో చూసేది. తట్టిన ప్రతిసారీ "లెయ్యప్పా, లెయ్" అనేది. మాతో ఆ మాత్రం కూడా మాట్లాడేది కాదు.

వేసవి సెలవులకు హాస్టల్ ఖాళీ అయినా ఆమె ఊరికి పోలేదు.

"నేను పోతే ఈటికి మేత ఎవరేస్తారు?" అంది.

మా ఇల్లు ఆ ఊళ్లోనే కాబట్టి, ఒక మధ్యాహ్నం పుస్తకం కోసం ఆమె ల్యాబుకు వెళ్లాను. పొద్దుటి నుంచి కరెంటు లేక గది పొయ్యిలా ఉంది. ఆమె గొట్టాలను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూస్తోంది. అన్నిటిలోనూ ఈగలు అడుగున చచ్చి పడున్నాయి.

"మునగాకు తిన్నెవీ, తిననివీ ఒకే మాదిరి పోయినాయి."

"మళ్లీ పెంచొచ్చులే అక్కా" అన్నాను. ఆమె చేతులు కడుక్కుని, తను వండుకున్న చిత్రాన్నం డబ్బా ముందు పెట్టుకుని మూత తీసింది.

"అన్నం తిన్యావా?" అని అడిగింది.

తినే వచ్చాను. అయినా లేదన్నాను. ఆమె డబ్బా మూతలో నాకు సగం పెట్టి, తన కుర్చీని నా పక్కకు జరుపుకుంది.